నూట ముప్పై ఏడు ఓట్ల ఖుర్షిదా

చిలకలూరిపేటలో గుంటూరు రోడ్డు మీద విజయభేరి స్పిన్నింగ్ మిల్లు గేటు దాటగానే, కంపెనీ గోడకి ఆనించి కట్టిన ఐదు గదుల్లో రెండోది ఖుర్షిదా షాపు. బోర్డు మీద మాత్రం ‘స్టార్ జిరాక్స్ అండ్ ఇంటర్నెట్’ అని ఉంటుంది. ఆ పేరు చెప్పి దారి అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. ఖుర్షిదా కొట్టు అనండి, ఆటోవాడు తిన్నగా తెచ్చి గుమ్మం ముందు దింపుతాడు.

ఆమెకి నలభై ఏడేళ్ళు. ఆధార్ కార్డుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకొచ్చే మగవాళ్ళంటే ఒళ్ళు మంట. “కార్డనుకున్నావా, కిళ్ళీ అనుకున్నావా?” అని ముందు తిట్టి, తర్వాత దాన్ని ఇస్త్రీ చేసినంత శ్రద్ధగా సాపు చేసి, అప్పుడు జిరాక్స్ తీస్తుంది. పింఛను దరఖాస్తులు, స్కాలర్‌షిప్పులు, రైలు టిక్కెట్లు, ఏ కాగితమైనా ఆమె చేతిలో పడితే ఒకేసారికి పనైపోతుంది. అందుకని తిట్లు ఉచితంగా వస్తున్నా జనం ఆమె దగ్గరికే వస్తారు. భర్త ఇషాక్‌కి ట్రాలీ ఆటో ఉంది. ఇద్దరాడపిల్లల చదువులూ, ఒక పెళ్ళీ జరిగింది ఎక్కువగా ఈ గది మీదే. పద్దెనిమిదేళ్ళుగా గది కంపెనీది, అద్దె ఆమెది.

ఆ కంపెనీ తొంభై నాలుగులో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు పనివాళ్ళకి కూడా తలా వంద ఇచ్చింది. తర్వాత బోనస్ కలిసి అవి మూడొందలయ్యాయి. ఆ సర్టిఫికెట్లు కొందరి ఇళ్ళలో ట్రంకుపెట్టెల్లో, కొందరి ఇళ్ళలో దేవుడి పటాల వెనక, పుల్లమ్మ ఇంట్లో బైబిల్లో కీర్తనల గ్రంథం దగ్గర హాయిగా నిద్రపోయేవి. మూడేళ్ళ క్రితం, కాగితం షేర్లున్నవాళ్ళు ఫోను నెంబరు, ఈమెయిల్ ఇవ్వకపోతే డివిడెండ్ ఆగిపోతుందని ఉత్తరాలొచ్చాయి. ఈమెయిల్ అనగానే అందరూ ఖుర్షిదా గుమ్మంలో వాలారు. ఆమె విసుక్కుంటూనే నూట ముప్పై ఏడు మందికి నూట ముప్పై ఏడు ఈమెయిళ్ళు సృష్టించింది. గుర్తు పెట్టుకోవడం సులువని అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టింది, పెద్దకూతురి పేరు.

డివిడెండ్లు వచ్చాయి. వాటితో పాటు ఏటా సర్వసభ్య సమావేశానికి ముందు, కంప్యూటర్లోనే ఓటు వేయమని నూట ముప్పై ఏడు ఈమెయిళ్ళు కూడా ఆమెకే వచ్చాయి. మొదటి ఏడాది కంపెనీ ఆఫీసు నుంచి మేనేజరు దుర్గాప్రసాద్ వచ్చి, “అన్నిటికీ ‘అనుకూలం’ అని నొక్కేయండి ఖుర్షిదాగారూ, పాపం వాళ్ళకేం తెలుసు,” అన్నాడు. నిజమే అనిపించింది ఆమెకి. లెక్కలు ఆమోదించడం, ఫలానా డైరెక్టరుని మళ్ళీ కొనసాగించడం, వీటిలో ఎవరికేం నష్టం? సగం రోజు కూర్చుని నొక్కేసింది. సాయంత్రానికి రెండు కిలోల మిఠాయి వచ్చింది. మూడేళ్ళూ ఇదే వరస. సొంతానికి ఒక్క షేరు కూడా లేని ఖుర్షిదా, ఊళ్ళో ఛైర్మన్ తర్వాత అంత చురుకైన వాటాదారు!

ఈ ఏడాది దుర్గాప్రసాద్ మిఠాయి ముందే తెచ్చాడు. అదీ రెండు కిలోలు కాదు, ఐదు. ఖుర్షిదాకి అప్పుడే అనుమానం వచ్చింది.

“ఈసారి ఏడో అంశం ఒకటుందండీ, కొంచెం జాగ్రత్తగా...” అన్నాడు కుర్చీ అంచున కూర్చుంటూ.

ఆయన వెళ్ళాక ఆమె నోటీసు ప్రింటు తీసి చదివింది. హైవే పక్కనున్న మిల్లు పాత జిన్నింగ్ యార్డు, ఒకప్పుడు పత్తి గింజ తీసిన ఎనిమిదెకరాలు, ఛైర్మన్ అల్లుడి కంపెనీకి అమ్మాలట. పక్క స్థలాలు పలికే ధరలో పావు వంతుకి. కొనేవాడు సొంత అల్లుడు కాబట్టి, చట్టం ప్రకారం ఈ ఒక్క అంశానికి ఛైర్మన్ కుటుంబం ఓటు చెల్లదు. వందలో యాభై ఎనిమిది వాటాలున్న మనిషి, ఈ ఒక్కదానికి నోరు మూసుకుని కూర్చోవాలి. మిగిలినవాళ్ళు ఒప్పుకోవాలి. అదీ ఐదు కిలోల సంగతి.

మర్నాడు మధ్యాహ్నం ఒక అమ్మాయి ట్యాక్సీ దిగింది. పేరు సౌజన్య, సొంతూరు మంగళగిరి, ఉద్యోగం బొంబాయిలో ఒక మ్యూచువల్ ఫండు ఆఫీసులో. విజయభేరిలో ఆ ఫండుకి తొమ్మిది శాతం వాటా ఉంది. మిల్లు పనివాళ్ళైన వాటాదారుల్ని పట్టుకుని మాట్లాడదామని చిరునామాల జాబితాతో వీధులు తిరిగితే, తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ “ఆ సంగతి ఖుర్షిదానడుగు,” అన్నారట.

“ఆంటీ, ఛైర్మన్‌గారి స్నేహితుల వాటా, మా ఫండు వాటా ఇంచుమించు సమానం. మీ దగ్గరున్న ఓట్లు వందలో ఒక వంతు కూడా ఉండవు. కానీ తేల్చేది అవే. ఏడో దానికి ‘వ్యతిరేకం’ నొక్కండి, ప్లీజ్.”

“నువ్వెవరి తరపున నొక్కుతావమ్మా?” అంది ఖుర్షిదా.

“మా ఫండులో డబ్బు పెట్టిన వాళ్ళ తరపున. దేనికి ఎందుకు నొక్కామో కారణం రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. అది రూలు.” ఆ అమ్మాయి అమాయకంగానే అడిగింది. “మీరెవరినడిగి నొక్కుతారాంటీ?”

ఖుర్షిదాకి చురుక్కుమంది. ఎవరినీ అడగలేదు. ఒక్కరినంటే ఒక్కర్ని కూడా అడగలేదు. ఊరందరికీ మేలు చేస్తున్నాననుకుని, ఊరందరి తరపునా తానే తలూపుతూ కూర్చుంది. నిన్న ఆయన వచ్చి ఇటు నొక్కమన్నాడు, ఇవాళ ఈ పిల్ల వచ్చి అటు నొక్కమంటోంది. షేరున్నవాళ్ళని అడుగుదామని ఆయనకి తోచలేదు, ఈ పిల్ల అడగబోయి మానేసింది. తనకీ తోచలేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

“నేను అటూ నొక్కను, ఇటూ నొక్కను. వాళ్ళే వచ్చి నొక్కుతారు,” అంది.

సౌజన్య మొహం వాడిపోయింది. “వాళ్ళు ‘అనుకూలం’ నొక్కితే?”

“నొక్కుకుంటారు. వాళ్ళవి.”

ఇంటికెళ్ళి చెప్తే ఇషాక్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. “గది కంపెనీది. అగ్రిమెంటు ఈ నెలాఖరుకి అయిపోయిద్ది. ఆ దుర్గాప్రసాదే రాయాలి. తెలిసే చేస్తన్నావా?”

“తెలిసే.”

“పోయిందనుకో, ఏం చేస్తాం?”

ఆమెకీ భయం వేసింది. ఆ గేటు దగ్గర కాకపోతే ఆమెకి బేరమే లేదు, చిన్నపిల్లకి ఇంకా రెండేళ్ళ ఇంజినీరింగు ఉంది. అయినా పొద్దున్నే ఇషాక్ ట్రాలీకి ఎన్నికలప్పుడు వాడిన మైకు కట్టింది ఆమే. “విజయభేరి షేర్లున్నవాళ్ళు ఓటు వెయ్యడానికి గురువారం అయిదింటి లోపల ఖుర్షిదా కొట్టుకి రావాలహో!” అని ఇషాక్ మూడు కాలనీలు తిరిగాడు. గొంతులో సంతోషం లేదు గానీ ఒక్క సందు కూడా వదిలిపెట్టలేదు.

జనం వచ్చారు. మొదటి రోజు ఇరవై మంది, రెండో రోజు కొట్టు ముందు చెప్పులు పట్టనంత మంది. ఖుర్షిదా ఒక్కొక్కరి చేతా కొత్త పాస్‌వర్డు పెట్టించింది. “నాకు చెప్పకండి, నేను చూడను,” అని మొహం తిప్పుకునేది. నోటీసులో ఉన్నది ఉన్నట్టు చదివేది, తన మాట ఒక్కటి కలపకుండా. జీవితంలో అంతసేపు అభిప్రాయం చెప్పకుండా ఆమె ఎప్పుడూ లేదు. సాయంత్రానికి తలనొప్పి వచ్చింది.

కార్డింగ్ మిషన్లో రెండు వేళ్ళు పోగొట్టుకున్న నన్నే సాహెబ్ అంతా విని, “పెద్దాయన, ఈ ఛైర్మన్ తండ్రి, నన్ను సొంత కార్లో గుంటూరు ఆస్పత్రికి తీసకపోయాడమ్మా. నేను అనుకూలమే,” అని పైకే చెప్పి నొక్కాడు. ఖుర్షిదా పెదవి కొరుక్కుని తర్వాతి పేరు పిలిచింది.

పుల్లమ్మకి డెబ్బై దాటాయి. ఆ యార్డులోనే ఇరవయ్యేళ్ళు పత్తి ఏరింది. “నువ్వే నొక్కమ్మా, నీకు తెలీందేముంది,” అంది కుర్చీలో కూలబడి.

“కుదరదు పిన్నీ. నీది నువ్వే.”

“ఆ ఎనిమిదెకరాల్లో నాది ఎంతుంటది?”

ఖుర్షిదా క్యాలిక్యులేటర్ తీసింది. మూడొందల షేర్లు, కంపెనీవి మొత్తం యాభై లక్షలు. “రెండు గజాల పైచిలుకు.”

పుల్లమ్మ చేతులు చాపి గాల్లో కొలుచుకుంది. “మంచం పడిద్ది,” అంది. “మంచమంత జాగా నేనెందుకియ్యాలి ఆ అల్లుడికి? పిల్లనిచ్చింది ఆయన. కావాలంటే ఆయన మంచం ఇచ్చుకోమను.” చూపుడు వేలితో మౌసు మీద ఎంత గట్టిగా కొట్టిందంటే, అది పాడైందేమోనని ఖుర్షిదా తర్వాత రెండుసార్లు చూసుకుంది.

ఆ మాట బయటికి పొక్కింది. అందరివీ అవే మూడొందలైనా, ఇక వచ్చిన ప్రతివాళ్ళూ తమ వాటా మంచమా, ఊయలా అని లెక్క అడగడమే. కొట్టంతా నవ్వులు. నవ్వుతూ ఎవరేం నొక్కారో ఆమెకి తెలియదు. మూడేళ్ళు అన్నీ తెలిసిన మనిషికి అది కొంచెం వెలితిగా కూడా ఉంది.

గురువారం నాలుగూ యాభైకి కొట్టు ఖాళీ అయింది. నూట ముప్పై ఆరు పేర్లకి టిక్కులు పడ్డాయి. అప్పుడు దుర్గాప్రసాద్ వచ్చాడు. మొహం నల్లబడి ఉంది. మైకు సంగతి ఛైర్మన్ దాకా వెళ్ళిందని ఆ మొహమే చెబుతోంది. తిట్టడానికి వచ్చాడనుకుని ఖుర్షిదా కొంగు బిగించింది.

“నాది కూడా ఉంది కదండీ,” అన్నాడు.

నిజమే. తొంభై నాలుగులో ఆయన గుమాస్తా. నూట ముప్పై ఏడో పేరు ఆయనదే. కూర్చుని, మానిటర్ని మెల్లగా తన వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు. నొక్కి, లేచి వెళ్ళిపోయాడు.

శనివారం ఫలితం వచ్చింది. ఏడో అంశం పదకొండు వేల షేర్ల తేడాతో వీగిపోయింది. పుల్లమ్మ కొట్టు ముందు నిలబడి దారినపోయే వాళ్ళందరికీ తన మంచం కథ చెప్పింది. ఖుర్షిదాకి సంతోషం ఒక పూటే. సోమవారం ఉదయం దుర్గాప్రసాద్ చేతిలో కవరుతో వచ్చాడు. గది అగ్రిమెంటు పొడిగించడం లేదు, నెలాఖరుకి ఖాళీ చేయాలి. పదిహేను రోజులు తిరిగితే బస్టాండు వెనక సందులో, దీనిలో సగం ఉన్న గది దొరికింది.

ఖాళీ చేసే రోజు తాళంచెవి తీసుకోవడానికి కూడా ఆయన్నే పంపారు. ఇషాక్ ట్రాలీలో కుర్చీలూ కంప్యూటరూ సర్దేశాడు. జిరాక్స్ మిషను ఒక్కటే మిగిలింది. ఖుర్షిదా తాళంచెవిని ఆయన చేతిలో పెట్టలేదు, బల్ల మీద పడేసింది.

“ఇంకేం, నిశ్చింత. ఇక ఎవరికీ మిఠాయిలు మోసే పని లేదు మీకు,” అంది.

ఆయన తాళంచెవి తీయలేదు. గడప అవతల ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకున్నాడు. “నేను వ్యతిరేకమే నొక్కానండీ ఆ రోజు,” అన్నాడు. “ఖాళీ చేయమనే కాగితం మీకు నా చేత్తోనే ఇప్పిస్తారని తెలిసే నొక్కాను.”

ఖుర్షిదా పదిహేను రోజులుగా ఈయన్ని తిట్టడానికి ఎన్ని మాటలు కూడబెట్టుకుందో! ఒక్కటీ పనికి రాకుండా పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. కొంగుతో తుడుచుకుని, జిరాక్స్ మిషను పక్కకి వెళ్ళింది.

“ఆ కొస పట్టుకోండి,” అంది. “జాగ్రత్త, బరువుంటది.”