తొమ్మిదో అంతస్తుకు వెళ్ళని లిఫ్టు

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. తోటి పనివాళ్ళు వాణ్ణి చెవులోడు అనేవారు. లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే మిగతావాళ్ళు పానాలు పట్టుకుని పరిగెత్తేవారు. వీడు మాత్రం తలుపుకి చెవి ఆనించి రెండు నిమిషాలు ఊరికే నిలబడేవాడు. "మూడో చక్రం అరిగింది" అనేవాడు. విప్పి చూస్తే మూడో చక్రమే. అంత పనిమంతుడికీ ఇంట్లో తన చొక్కా ఎక్కడుందో తెలిసేది కాదు. నేను వెతికి మొహాన కొట్టాలి.

అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై. కుట్టుమిషను తొక్కి పెంచాను. ముద్దుచేసి పెంచానని మాత్రం చెప్పను. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి వీధి వీధంతా తెలుసు.

ఏడేళ్ళు కూర్చుని వాడొక వీడియో గేమ్ తయారుచేశాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, పనిలోంచి రావడం, పాత కంప్యూటరు ముందు కూలబడటం. దానికి 'పైకి' అని పేరు పెట్టుకున్నాడు. అందులో మనం లిఫ్టు మెకానిక్కులం. ఒక్కో అంతస్తులో ఒక్కో చప్పుడు వినిపిస్తుంది. చెవులు రిక్కించి విని, చెడింది ఏదో పట్టుకుని బాగుచేస్తే తలుపు తెరుచుకుంటుంది, ఆ ఇంటివాళ్ళు కనిపిస్తారు. కాల్చుకోవడాల్లేవు, గెలుపోటముల్లేవు. చప్పుళ్ళన్నీ వాడు లిఫ్టు గుంతల్లోకి ఫోను వేలాడదీసి పట్టుకొచ్చినవే.

ఇంటర్నెట్టులో ఉచితంగా పెట్టాడు. ముప్ఫై ఎనిమిది మంది దించుకున్నారు. ఏడుగురు ఉత్తరాలు రాశారు. ఏడుగురిదీ ఒకటే గోల, లిఫ్టు ఎనిమిదో అంతస్తు దాటడం లేదని. ఉన్నవి తొమ్మిది. "దాటుతుందండీ, నేను ఈ పొద్దున కూడా వెళ్ళొచ్చాను. కాస్త ఓపిగ్గా వినండి" అని వీడు అందరికీ జవాబిచ్చాడు. అందులో ఒకడు, "పైన ఏమీ లేదు. కట్టడం చేతకాక అబద్ధాలాడుతున్నావు" అని రాశాడు.

ఆ సాయంత్రం నా దుకాణానికొచ్చి గుడ్డల మూట మీద కూర్చున్నాడు. వాడు రోజూ వచ్చేవాడే. ఆవేళ మొహం మాడిపోయి ఉంది.

"అక్కా, ఒక్కళ్ళు చాలే నాకు. ఒక్కళ్ళు తొమ్మిదో అంతస్తుకి వెళ్తే చాలు."

"నువ్వున్నావుగా."

"నేను లెక్కకాదు. నువ్వు ఆడి చూడవే, ఒక్క గంట."

"స్కూళ్ళు తెరుస్తున్నారు. అరవై యూనిఫారాలున్నాయి నా నెత్తిన. తర్వాత చూస్తాలేరా."

వాడు లేచి వెళ్ళిపోయాడు. నేను తలెత్తి కూడా చూడలేదు, కాలరు తిప్పుతున్నాను. ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం పనిచేసేచోట మెట్టు మీద కూర్చుని, టిఫిను డబ్బా మూత తీసి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. నలభై ఒకటి వాడికి. తర్వాత చూస్తానన్నాను. ఆ మాటని నాలుక మీంచి గోకేసుకోవాలనిపిస్తుంది.

రెండు వారాలకి వాడి గది తెరిచి కంప్యూటరు ముందు కూర్చున్నాను. నాకు ఆటలంటే ఒళ్ళు మంట. అయినా ఆ ఒక్క మనిషినీ నేనవుతానని పంతం పట్టాను. మూడు రోజులు ఆడాను. ఎనిమిది అంతస్తులు ఎక్కాను. ఆ పైన నా లిఫ్టూ కదల్లేదు. వీణ్ణి అబద్ధాలకోరని రాసినవాడు చెప్పిందే నిజమా అని ఒక్క క్షణం అనుకున్నాను, అనుకున్నందుకు ఏడ్చాను.

వాడికి పని నేర్పిన పెద్ద మెకానిక్కు, వాడి పనిముట్ల సంచీ ఇచ్చిపోదామని అప్పుడే వచ్చాడు. నా భుజం మీదుగా చూసి, "కీ తిప్పావామ్మా?" అన్నాడు.

"ఏ కీ?"

"అదిగో, మూల." శనగగింజంత బొమ్మ. నేను దాన్ని గోడకి కొట్టిన మేకు అనుకున్నాను. "లిఫ్టు నెత్తినెక్కి పనిచేసేటప్పుడు ముందు ఆ కీ తిప్పుతాం. లిఫ్టు చివరిదాకా పోతే పైనున్న మనిషి కప్పుకి నలిగిపోతాడు కదా? అందుకని ఒక అంతస్తు కిందే ఆగుతుంది. కిందికి దిగాక మళ్ళీ వెనక్కి తిప్పాలి. వీడి ఆట లిఫ్టు నెత్తి మీదే, ఆ కీ తిప్పి ఉండగానే మొదలవుతోంది."

"మరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదేం?"

"వాడికి తెలిస్తే కదా! మా చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది. చొక్కా గుండీ పెట్టుకున్నది నీకు గుర్తుంటుందా? ఇదీ అంతే."

రోజూ వాడు ఆడేముందు తిప్పేసేవాడు, రోజూ వాడి లిఫ్టు పైకెళ్ళేది. జనానికి ఓపిక లేదనుకుని కుమిలిపోయి చచ్చాడు నా పిచ్చి తమ్ముడు.

కీ తిప్పాను. లిఫ్టు ఎక్కింది. తొమ్మిదో తలుపు వెనక చప్పుడు నాకు వెంటనే తెలిసింది. తొక్కుడుపలక ఎడమ కీలు వదులై టకటకలాడే నా మిషను. తలుపు తెరుచుకుంది. చిన్న గది, వీపు తిప్పి కుట్టుకుంటున్న ఆడమనిషి. మిషను ఆగింది. "వచ్చావా నాన్నా? కూర్చో" అంది, నా గొంతుతో.

మూడేళ్ళ కిందట ఫోను నా ముందు పెట్టి, ఈ మాట ఒక్కసారి అనవే అని ప్రాణం తీశాడు. "ఏమిట్రా ఈ వేషాలు?" అని తిట్టి, పళ్ళ మధ్య గుండుసూదులు ఉంచుకునే అనేశాను, పీడ వదలాలని. ఆ సూదులు కూడా వినిపిస్తున్నాయి అందులో. ఆ తర్వాత ఆట ఇంకేమీ లేదు. ఎంతసేపైనా ఆ గదిలో కూర్చోవచ్చు. మిషను నడుస్తూ ఉంటుంది.

ప్రతి పొద్దునా వాడు అక్కడికి వెళ్ళి వచ్చేవాడు. నా దుకాణం వాడి గదికి రెండు వీధుల అవతల. సాయంత్రం గుమ్మంలోకి రాగానే నేను అనేది, "మళ్ళీ తయారయ్యావా?" అని.

ఆ ఏడుగురికీ పెద్ద మెకానిక్కు చేత రాయించాను, ముందు కీ తిప్పండి అని. ఇద్దరు వెళ్ళారు. అబద్ధాలాడుతున్నావని రాసినవాడే, "వెళ్ళాను. చాలాసేపు కూర్చున్నాను. ఆయనకి నా క్షమాపణ చెప్పండి" అని రాశాడు. ఎక్కడికి పోయి చెప్పను బాబూ? మీరైనా ఆ ఆట దొరికితే ఆడండి. కీ మాత్రం మరిచిపోకండి.

ఇప్పుడు దుకాణం తెరిచేముందు నేనూ రోజూ ఎక్కుతున్నాను. ఒక్కో అంతస్తులో ఆగి వింటున్నాను. తాళ్ళ చప్పుడు, తలుపుల చప్పుడు, ఎవరెవరివో దగ్గులు, నవ్వులు, చివర నేను. వాడి గొంతు కోసం వెతుకుతున్నాను. ఏడేళ్ళు అందరి చప్పుళ్ళూ పట్టుకొచ్చినవాడు, తనది ఒక్క మాట కూడా పెట్టుకోలేదు.