సొంతగడ్డ మీద మ్యాచు

మా కబడ్డీ క్లబ్బు కాటన్‌పేటది. మా మైదానాన్ని కార్ల పార్కింగుకు ఇచ్చేశాక సొంతగడ్డ మ్యాచులు కూడా ఎక్కడో ఊరవతలున్న ఆనేకల్‌లోనే ఆడుతున్నాం. "కొన్నాళ్ళేనప్పా, సర్దుకోండి" అన్నారు క్లబ్బు పెద్దలు. ఆ కొన్నాళ్ళు ఏళ్ళయినా తీరలేదు.

పోయిన ఆదివారం మ్యాచు ఆనేకల్ జట్టుతోనే. రూలు ప్రకారం అది మా సొంతగడ్డ మ్యాచు. కానీ మైదానం వాళ్ళది, జనం వాళ్ళ జనం, ఈలలూ వాళ్ళకే. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో పడి మా పేట నుంచి ఎవరొస్తారు?

ఆటకు ముందు సొంతగడ్డ జట్టు టెంకాయ కొట్టడం మా ఆనవాయితీ. వాళ్ళ కెప్టెన్ నవ్వుతూ టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కొట్టప్పా, ఈ పొద్దు మీరే గదా ఇంటోళ్ళు!"

జనం గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కసికి టెంకాయ ముక్కచెక్కలైంది గానీ, మ్యాచు మాత్రం వాళ్ళే గెలిచారు.

సాయంత్రం మమ్మల్ని పేటలో దించడానికి వ్యాను మా పాత మైదానంలోకే మళ్ళింది. పార్కింగు కాపలాదారు గంటల లెక్కన రాసే రసీదు పుస్తకంతో వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మా మైదానమయ్యా!" అని అరిచాను.

"ఎవురిదైతే నాకేంది? ఎంతసేపు ఉంటారో చెప్పప్పా."