పసుపు కాగితం

మలాంగ్ ఊరి బడిలో రసాయనశాస్త్రం చెప్పే హందోయో మాస్టరు వేళ్లు ఎప్పుడూ పసుపే. కాగితాలు పసుపునీళ్లలో ముంచి, చొక్కా జేబులోనే ఆరబెడతాడు. చదువు వంటింట్లోంచే రావాలంటాడు. మాంసపు ఉండలు గట్టిపడాలని తినకూడని వెలిగారం కలిపితే పసుపు ఎర్రబడుతుందని చెప్పి, ఆ రోజు బడి క్యాంటీన్ ఉండనే పిల్లల చేత ఆ కాగితం మీద నలిపించాడు. కాగితం పారాణిలా ఎర్రబడింది.

"ఛీ! రోజూ మేం తినేది ఇదా మాస్టారూ?" అంది సెకార్.

క్యాంటీన్ నడిపేది హెడ్మాస్టరు భార్య. హందోయో నుదురు తుడుచుకుంటే నుదుటికీ పసుపంటింది.

"కాగితం పాతదమ్మా. మన ఉండలకేం, బంగారం!"

పిల్లలు నమ్మారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో సెకార్ పక్కనే నిలబడి అతను గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, నాకు ఉత్త నూడుల్స్ చాలండి. ఉండలొద్దు, కడుపు బాలేదు."

సెకార్ నోట్లో సగం నమిలిన ఉండ అలాగే ఆగిపోయింది.