ఆరువందల ఫోటోలు, ఒక్క కమాండ్

మొన్న నా చేతులతోని ఏం జరిగిందో చెప్తే మీ చాయ్ గ్లాసు చేజారుతది. జర కింద పెట్టి వినుండ్రి.

మా తమ్ముని బిడ్డ లావణ్య పెండ్లి హుస్నాబాద్‌ల అయింది. ఆరువందల ఫోటోలు! ఫోటోగ్రాఫర్ అన్నీ పెన్‌డ్రైవ్‌ల ఏసిచ్చి, "సార్, నా దగ్గర జాగ లేదు, నాయి తీసేసిన. పైలం!" అన్నడు. ఫోటోల పేర్లన్నీ ఒట్టి నంబర్లే. ఆదివారం అత్తగారింట్ల చూపెట్టాలె, ఎవరెవరో ఎట్ల చెప్పాలె అని లావణ్య పరేషాన్.

"ఫికర్ చెయ్యకు బిడ్డా! ఒక్కొక్కటి మార్చుకుంట కూసునుడు చిన్నోళ్ల పని. కంప్యూటర్ నల్లతెర మీద ఒక్క కమాండ్ కొడితే ఆరువందల పేర్లు ఒక్క దెబ్బకు మారుతయి. కరీంనగర్ మొత్తంల గీ విద్య తెలిసినోన్ని నేనొక్కన్నే!" అన్న. వీడియో చూసి నేర్చుకొని రెండు దినాలే అయింది. గా ముచ్చట ఇప్పుడెందుకు!

నంబర్‌కు ఎదురుంగ పేరు రాసుకుంట లిస్టు తయారు చేసిన. చుట్టాలను పేరు పెట్టి పిలుస్తమా? మర్యాద గల్లోన్ని. ఆయన బావ. ఈయన బావ. ఆమె వదిన. పెండ్లిపిల్లనేమో బిడ్డ. పిలగాడు అల్లుడు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఎంటర్ కొట్టిన. మీసం మీదికి చెయ్యి పోయే లోపటనే పని ఖతం!

లావణ్య తొంగి చూసింది. "పెదబాపూ, మిగతయి ఏవి?"

"ఏ మిగతయి?"

"ఆరువందలల్ల నలభై కూడ లేవు!"

గాబరాగ గా వీడియో మళ్ల చూసిన. ఒక్క ఫోల్డర్‌ల ఒక్క పేరు ఒక్కదానికేనట! రెండోదానికి అదే పేరు పెడితే మొదటిది మాయమట! నూట ఎనభై మంది బావలు ఒకల మీద ఒకలు పడి, ఆఖరికి ఒక్క బావ మిగిలిండు. ఆయన కూడ చెయ్యి కడుక్కుంట! ఒక్క వదిన. ఒక్క అల్లుడు. ఒక్క బిడ్డ, అది గూడ తుమ్మేటప్పుడు తీసింది!

"జీలకర్ర బెల్లం ఫోటో?" అన్నది.

"అండ్ల నువ్వే ఉంటివి గద బిడ్డా..."

"తలంబ్రాలు?"

"అండ్ల గూడ నువ్వే ఉంటివి..."

కండ్లు తుడుచుకొని తెర దిక్కు చూసింది. "మరి మిగిలిన గీ ముప్పై ఏంటియి?"

ఒక్కొక్కటే సదివింది. 'నేను దండతోని'. 'నేను మైక్ పట్టుకొని'. 'నేను నవ్వుకుంట'. 'నేను నవ్వకుంట'... నాయి మాత్రం ఒక్కొక్కదానికి మనసు పెట్టి వేరే వేరే పేరు రాసుకున్న!

ఆదివారం ఆ ఫోటోలే పట్టుకొని పోయింది. పొద్దుగూకంగ ఫోన్ చేసింది.

"పెదబాపూ, మా అత్త అడుగుతున్నది... గిది ఎవరి పెండ్లి అని!"