సీసా ఎందుకు నిండలేదంటే

ఎనభైల్లో మాట. మా అత్తమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి. వికారాబాద్‌లో ఒక దవాఖానలో డాక్టరు ఆమె పొట్టలోకి గొట్టం గుండా మందునీళ్లు ఎక్కించి, కాసేపు ఉంచి, మళ్లీ దింపాడు. ఒంట్లోని విషం ఆ నీళ్లతో బయటికొస్తుందట. డయాలసిస్ అన్నాడు. మా తాండూరులో ఆ మాట ఎవరికీ నోరు తిరిగేది కాదు.

"ఒకేసారి అంతా మొదలుపెట్టక్కర్లేదు. కిడ్నీలు ఇంకా కొంచెం పనిచేస్తుంటే వారానికొకసారి చాలు, మిగతా రోజులు ఇంట్లోనే ఉండొచ్చు. పూర్తిగా ఆగిపోతే మాత్రం ఇక్కడే ఉండాలి," అన్నాడు. అది తేల్చడానికి రోజూ ఆమెకొచ్చే మూత్రమంతా ఒక గాజుసీసాలో పట్టి తెమ్మని నాకు అప్పగించాడు.

సీసా నిండదే! అడుగున నాలుగు చుక్కలు. మరునాడూ అంతే. "వస్తోందా అమ్మా?" అని డాక్టరు అడిగితే, మగమనిషి ముందు ఆ మాటేమిటని ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఇక ఇంటికి పంపలేమేమో," అన్నాడు. నాపరాళ్ల గనిలో మా ఆయన, ఇంట్లో చంటిపిల్లలు, ఈమె ఇక్కడే మంచం పట్టి పోతుందా?

తెల్లారి చూస్తే మంచం ఖాళీ! పరుగెత్తాను. గోడ పట్టుకుని పాయిఖానాలోంచి వస్తోంది.

"గిదా నువ్వు రోజూ చేసేది, అత్తమ్మా?"

"మెల్లగ మాట్లాడే, నలుగురు ఇంటరు!"

"ఇననీ! సీసా ఇచ్చింది దేనికి, సోకుకా? నీ కిడ్నీలు పని బంద్ చేసినయని డాక్టర్ పరేషాన్ అయితుండు!"

ఆమె తెల్లబోయింది. "గట్లన్నడా? నాకేమెరుక? నా ఉచ్చ నువ్వు చేతుల పట్టుకపోతుంటే సూడలేకపోయిన. ఒకరింటి ఆడపిల్లతోని గా పని చేయిస్తే నాకు పాపం తగలదా, బిడ్డా?"

"పదేండ్లు పెండ తట్టలు మోయించినవ్ గద, అప్పుడు తగల్లేదా పాపం?" అంటూనే ఆమెను కావలించుకుని ఏడ్చాను. బాధతో కాదు. వస్తోంది, ఇంకా వస్తోంది! గుండె మీంచి బండ దిగింది.

ఆ మరునాడు సీసా సగానికి పైగా నిండింది. వార్డు మధ్యలోంచి దాన్ని రెండు చేతులా పట్టుకుని నడిచాను. "జర కొంగన్న కప్పే, ఇజ్జత్ తీస్తున్నవ్!" అని వెనక అత్తమ్మ మొత్తుకుంటోంది. కప్పలేదు. డాక్టరు సీసాను వెలుతురుకెత్తి చూశాడు.

"వారానికొకసారి చాలు. ఇంటికి తీసుకుపోండి," అన్నాడు.

"మళ్లొకసారి చెప్పండి సార్," అని అడిగి, రెండోసారి కూడా విన్నాను.