టబ్బు బయట తలంటు

జెర్సీ సిటీలో ఎమ్మెస్ చదివేటప్పుడు నా రూమ్మేట్ మలేషియా అమ్మాయి. క్లాసు నుంచి రాగానే బ్యాగు సోఫాలో పడేసి, "ముందు మాండీ, తర్వాతే మాటలు!" అని ఇల్లంతా వినబడేలా కేకేసేది. మాండీ అంటే వాళ్ల మలయ్‌లో స్నానం. వాళ్లింట్లోనూ మాలాగే బకెట్టూ మగ్గూనే. షవర్ కింద నిలబడితే తడవడమే తప్ప ఒళ్లు శుభ్రపడదని మా ఇద్దరి గట్టి నమ్మకం. అందుకే ఇండియన్ స్టోర్‌కి వెళ్లి ఎర్ర బకెట్ ఒకటి మోసుకొచ్చాం.

తను బుద్ధిగా బకెట్‌ను టబ్బులో పెట్టుకునేది. నాకు టబ్బులో ముడుచుక్కూచోవడం నచ్చదు. ఒక శనివారం తలకి నూనె పెట్టుకుని, బాత్రూమ్ నేల మీదే స్టూలు వేసుక్కూర్చుని, హాయిగా మూడు బకెట్లు కుమ్మరించుకున్నాను. అమెరికా బాత్రూమ్ నేలకి తూము ఉండదని తెలుసు. టవల్‌తో తుడిచేస్తే పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. సాయంత్రం కింది పోర్షన్‌లో ఉండే ఇంటావిడ పైకొచ్చింది. వాళ్ల వంటింటి సీలింగ్ ఉబ్బి కారుతోందట. కేకలు విని విని ఉన్న మనిషి కదా, నేరుగా మా రూమ్మేట్‌నే నిలదీసింది. "ఇదంతా నీ మాండీ వల్లేగా?"

తను నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను.

"సారీ," అంది తను.

"నెలాఖరుకల్లా వేరే రూమ్ చూసుకో."

నోరు విప్పితే నా రూమ్ పోతుందని భయం. నాలుగు రోజులు ఆ పిల్లకి పులిహోర చేశాను, గిన్నెలు కడిగాను, లాండ్రీ మడత పెట్టాను. తను థాంక్స్ చెప్పి, ల్యాప్‌టాప్‌లో రూములు వెతుక్కుంది. ఐదో రోజు నా మీద నాకే అసహ్యం పుట్టి, కిందికెళ్లి ఇంటావిడకి జరిగింది చెప్పేశాను. ఆవిడ చెడామడా తిట్టి, సీలింగ్‌కి నా చేతనే పెయింట్ వేయిస్తానంది. ఇద్దర్నీ ఉండనిచ్చింది.

రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాను. "చెప్పేశాను! నువ్వు వెళ్లక్కర్లేదు!"

తను బట్టలు సూట్‌కేస్‌లో సర్దుతోంది.

"నాకు రూమ్ దొరికింది," అంది.

"ఆవిడ ఉండమంది కదా?"

"ఆవిడ వల్ల వెళ్లట్లేదు," అంది, తలెత్తకుండా.