మగ్గం గుంతలో కానుగ మొక్క

మొక్క ఎట్లా నాటాలో మా ఎమ్మిగనూరు వీధిలో తెలియనివాళ్లు లేరు. పెరట్లో చెట్టున్న ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

మా అమ్మ కండెలు చుడుతుంది. మగ్గాలవాళ్లు ఇచ్చిన నూలును రాట్నం మీద కండెలకు చుట్టి ఇవ్వడం ఆమె పని. నాయన నేత మానేసి దూది మిల్లులో పనికి పోతున్నాడు గానీ ఆమె రాట్నం మానలేదు. మాది రేకుల ఇల్లు. ఫిబ్రవరి దాటితే మధ్యాహ్నం లోపల కూర్చోలేం. పెరట్లో కూర్చుందామంటే నీడ లేదు. అందుకని రెండేళ్ల కిందట ఆమె ఒక కానుగ విత్తనాన్ని పాత నూనె డబ్బాలో పెట్టి మొలిపించింది. అది మోకాలెత్తు దాటి డబ్బాలో ఇరుకు పడింది. కాళ్లు చాపుకొని రాట్నం తిప్పుకోవడానికి ఒక నీడ, అంతకు మించి ఆమె ఆ పెరటిని ఏమీ అడగలేదు.

నేను సివిల్ డిప్లొమా చదివి ఆదోనిలో ఒక కట్టడం దగ్గర సూపర్‌వైజరుగా ఉన్నాను. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తాను. మొక్క ఎక్కడ నాటాలో చెప్పే అర్హత ఇంట్లో నాకే ఉందనుకొని, చెప్పాను: పడమటి గోడ వైపు, గోడకు ఎనిమిదడుగుల దూరం, మూడడుగుల లోతు, అడుగున నీళ్లింకే గరుసు కంకర, పైన ఎరువు కలిపిన మట్టి. ఎవరూ వినలేదు. అప్పటికే మా పెద్దనాయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

ఆయన నాయనకు అన్న. రెండిళ్ల అవతల ఉంటాడు. మా పెరట్లోని మగ్గం కొట్టంలో ముప్పై ఏళ్లు నేశాడు. పోయిన వానల్లో కొట్టం కూలింది. మగ్గం విప్పేశారు. నేసేవాడు కాళ్లు పెట్టుకొని కూర్చునే గుంత మాత్రం మిగిలింది. మగ్గం గుంతంటే మావాళ్లకు దేవుడి గూటితో సమానం. చెప్పులతో దిగరు, శుక్రవారం కుంకుమ పెడతారు. దాన్ని కంకరతో పూడిస్తే పాపం, పూడ్చకపోతే ఎవరిదో ఒకరి కాలు విరుగుతుంది. ఈ ఇరకాటానికి పెద్దనాయనకు ఒక మార్గం తోచింది.

"గుంత తవ్వే పనేముందిరా? ఆడ తవ్విన గుంత ఉండనే ఉండె. చెట్టు పెట్టండి. పుణ్యానికి పుణ్యం."

"పెద్నాయనా, దాని అడుగున నాపబండలు పరిచినారు. నాలుగు పక్కలా రాయే. నీళ్లు యాడికి పోతాయి?"

"యాడికి పోతాయా? చెట్టు తాగుతాది."

నాయన నవ్వాడు. గోడ మీది నుంచి పక్కింటామె కూడా నవ్వింది.

"ఒక్క బండన్నా పీకుదాం."

"మగ్గం తల్లి గుండె మీద గడ్డపార ఏస్తావా? ముప్పై ఏండ్లు ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నోన్ని నేను. నువ్వు నాకు గుంత సెప్తావా?"

ముప్పై ఏళ్లు మంచం మీద పడుకున్నవాడు వడ్రంగి అవుతాడా అని అడగాలనిపించింది. గుంతలో నల్లమట్టి, పెంట నింపి మొక్క నాటారు. పెద్దనాయన టెంకాయ కొట్టి, చిప్ప ఒకటి తనే తీసుకుపోయాడు.

కాపలా సంగతి ఇంకా ఘనం. నాయన నాలుగు మగ్గం కర్రలు పాతి, చుట్టూ మిగిలిపోయిన పడుగు నూలు అల్లాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. పడుగు నూలుకు గంజి పెడతారని వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. గంజి మేకకు పాయసం. మూడో రోజుకు పక్కింటి మేక కంచెనంతా నమిలి, కంచె అయిపోయాక మొక్కను మొదలుపెట్టింది. కొన కొమ్మ పోయింది. నేను పక్కింటామెను అడిగాను.

"మేకకు సదువొస్తాదా అప్పా? ఇది మా చెట్టని బోర్డేమన్నా ఏసినారా?" అంది. "అయినా దారం కట్టి మేకనాపే ఇంజనీర్లు మీరే."

ఆదోని నుంచి ఇనుప జాలీ తెచ్చి కట్టాను. మేక సమస్య ఆ రోజుతో తీరింది. లెక్క ప్రకారం చేస్తే ఏ పనైనా ఒక్కసారి చేస్తే చాలని వీళ్లకు చూపించానని తృప్తిపడ్డాను.

ఎండాకాలం వచ్చింది. కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. స్నానాల నీళ్లు వీధి పాలవుతున్నాయి, మొక్క వాడుతోంది. నేను ఒక ఆదివారం స్నానాల గది తూము నుంచి మొక్క మొదలు దాకా పైపు వేశాను. ఆరడుగులకు అంగుళం వాటం, అంటే వాలు. రసమట్టం పెట్టి, మూడు చోట్ల కొలిచి, నీళ్లు వదిలి చూపించాను. వీధిలోవాళ్లు పని మానుకొని వచ్చి చూశారు. పెద్దనాయన కూడా "పర్వాలేదే" అన్నాడు. ఆయన నోటి నుంచి నాకు వచ్చిన మెప్పు ఇప్పటికీ అదొక్కటే.

మరుసటి వారం నుంచి స్నానాల గది వైపు ఆ పైపు నోట్లో ఒక గుడ్డ కనబడసాగింది. పాత లంగా పేలిక, గట్టిగా కుక్కి ఉండేది. పీకి పారేసేవాణ్ణి. మర్నాడు మళ్లీ ఉండేది.

"ఎవరు పెడతాండారిది?"

"నేనేలే అప్పా," అంది అమ్మ. "బొద్దింకలొస్తాయి."

నీళ్లకు కరువైన ఊళ్లో బొద్దింకలకు భయపడి నీళ్లాపే మనిషికి వాటం గురించి ఏం చెప్తాం? జాలీ ముక్క ఒకటి కోసి పైపు నోటికి బిగించాను. గుడ్డ దాని మీద కూడా కనబడింది. రోజూ పీకాను. ఆమె స్నానం నీళ్లు బకెట్‌తో మోసుకుపోయి వీధిలో పోయడం రెండు మూడుసార్లు చూశాను కూడా. అలవాటు మనిషిని వదలదనుకున్నాను.

వానలు మొదలయ్యేసరికి ఆకులు పచ్చబడ్డాయి. పచ్చబడటమంటే పసుపు రంగు. ఇక సలహాలు మొదలయ్యాయి. పక్కింటామె పుల్ల మజ్జిగ పోయమంది. ఎదురింటాయన పొగాకు నీళ్లన్నాడు. పెద్దనాయన దిష్టి అని తేల్చి, జాలీకి తెగిన చెప్పు వేలాడదీశాడు. నీళ్లు చాల్లేదని నాయన రోజూ మిల్లు నుంచి వచ్చి ఇంకో బిందె పోశాడు. మునిగిపోతున్నవాడి నోట్లో గ్లాసు పెట్టడమంటే ఇదే. "వాన నీళ్లు అడుగున నిలబడినాయి, మొక్కను మార్చాల" అన్నాను.

"ఆషాఢంలో మనుషులే ఇల్లు మారరు, చెట్టును మారుస్తావా?" అన్నాడు పెద్దనాయన.

మొక్కకు సామాన్లు లేవు, పొంగించడానికి పాలు లేవు. అయినా నెల రోజులు ఆగాలన్నారు. అమ్మ కూడా ఆగమంది, కాబట్టి ఆగాను. ఫోన్లో ఆకుల లెక్క రాసుకున్నాను. పంతొమ్మిది, పద్నాలుగు, తొమ్మిది, ఆరు. ఆషాఢంలో మార్చకూడదన్నారు గానీ వేరు కోయకూడదని ఎవరూ అనలేదు. అందుకని, మార్చేనాటికి మొక్క తట్టుకునేట్టు, దాని చుట్టూ జానెడు దూరంలో పారతో వేళ్లను సగం వలయం కోసి పెట్టాను. పడమటి గోడ దగ్గర కొత్త గుంత తవ్వి గరుసు పోశాను. గోనెపట్ట, పురికొస, పదునైన కత్తి సిద్ధం చేసుకున్నాను.

శ్రావణం వచ్చాక మొదటి ఆదివారం సాయంత్రం తవ్వాను. అప్పటికి పది రోజులుగా వాన చుక్క లేదు. ఆకులు రాలుతున్నాయని భయపడి నాయన బిందె పోయడం కూడా మానేశాడు. మోచేతి లోతుకు పోయేసరికి పార చప్పుడు మారింది. నీళ్లు. పది రోజుల ఎండకు ఇంకని నీళ్లు. చేత్తో తీసి చూశాను. జిగటగా ఉన్నాయి. వాసన చూశాను. నేను రెండు పూటలా ఒళ్లు రుద్దుకునే సబ్బు.

గుంతలోంచి తలెత్తి చూశాను. పైపు నా వైపే చూస్తోంది. బండలు పరిచిన గుంతలో నీళ్లు నిలుస్తాయని అందరికంటే ముందు చెప్పినవాణ్ణి నేను. ఆ గుంతలోకే నెలల తరబడి సబ్బు నీళ్లు మళ్లించినవాణ్ణీ నేనే. వాటంలో తప్పేమీ లేదు. ఒక్క చుక్క కూడా దారి తప్పలేదు. పెద్దనాయన మూర్ఖత్వం ఒక్క పూటది. నాది రోజుకు రెండు పూటలది, పైగా కొలిచి చేసింది.

అమ్మ గడపలో కూర్చొని రాట్నం తిప్పుతోంది.

"అమ్మా, ఆ గుడ్డ బొద్దింకలకేనా?"

"బొద్దింకలు కూడా వస్తాయిలే," అంది. రాట్నం ఆపలేదు. కండె నిండాక, తీసి గంపలో వేసి, అప్పుడు చెప్పింది. "ఎండాకాలంలోనే సూసినా. మన్ను కంపు కొడతాండె. నువ్వేమో వీధి వీధంతా సూస్తాండగా కొలిచి పెడితివి. పెద్నాయన కూడా మెచ్చుకొనె. ఎట్ల సెప్పేదప్పా?"

"చెట్టు పోతాంటే కూడా చెప్పవా?"

"గుడ్డ పెట్టినా గదా. నువ్వు పీకేస్తివి."

మిగిలిన వలయం కోసి, మట్టి గడ్డ చెదరకుండా గోనెపట్టలో చుట్టి, పురికొస బిగించాను. నల్లగా కుళ్లిన వేళ్లను కత్తితో కోసేశాను. నాయన, నేను చెరోవైపు పట్టుకొని పడమటి గోడ దగ్గరికి మోసుకుపోయాం. పైపు సంగతి నాయనకు చెప్పాను. పెద్దనాయనకు చెప్పలేదు, ఆ ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఆయన మాత్రం వచ్చి చూసి, "ఆ గుంత చెట్టుకు పనికిరాదని నేను మొదటి దినమే అనుకొంటి" అన్నాడు. పైపు పీకి ఇంటి రేకుల మీద పడేశాను.

ఎండ తగలకుండా అవే నాలుగు మగ్గం కర్రలు పాతి, పైన అమ్మ పాత చీర కట్టాను. పొద్దున ఒక చెంబు నీళ్లు, అంతే. పన్నెండు రోజులు కట్టెపుల్లలాగా నిలబడింది. ఆకుల లెక్క సున్నా కావడంతో ఫోన్లో రాయడం మానేశాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం పెరట్లోకి పోతే, అమ్మ రాట్నం తెచ్చుకొని ఆ చీర కింద కూర్చొని ఉంది. మొక్కకు కట్టిన నీడలో, మొక్క పక్కన, కాళ్లు చాపుకొని. ఆమె భుజం దగ్గర, మేక కొరికిన కొమ్మ కణుపులో, రాగి రంగు చిగురు రెండు చోట్ల పొడుచుకొచ్చింది.

వీధిలో పోతున్న పెద్దనాయన గోడ మీది నుంచి తొంగిచూసి, "ఏమ్మా, సెట్టు నీడ సల్లగుందా?" అన్నాడు.

"ఉంది బావా," అంది అమ్మ.

అది చీర నీడ అని చెప్పబోయాను. అమ్మ నా వైపు తిరిగి, "ఆ కర్ర కొంచిం ఇట్ల జరుపు, ఎండ కాళ్ల మీద పడతాంది" అంది.

"జరిపితే మొక్కకు ఎండ తగులుతాది."

"తగలనీలే. అది సిగురేసింది గదా."

కర్ర పీకి, ఆమె చూపించిన చోట పాతాను.